వెనక కాళ్లు పడిపోయిన పశువు ముందు నిలబడ్డప్పుడు పరీక్ష ఎక్కడ మొదలుపెడతారు?

మామునూరు ఇంటర్న్
సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మామునూరు వెటర్నరీ కాలేజీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. నాడీ పరీక్ష పుస్తకంలో చదువుతుంటే వరస బాగానే గుర్తుంటుంది. తీరా ఊళ్లోకి వెళ్తే పశువు చుట్టూ పదిమంది చేరి "సూది ఎప్పుడేస్తారు సారూ" అని అడుగుతుంటారు. ఆ టెన్షన్‌లో ఏది ముందు చూడాలో, ఏది వదిలేయొచ్చో తేలడం లేదు.

ఇప్పుడు అడగడానికి కారణం ఒక కుక్క. బైకు గుద్దిన ఊరకుక్కను ఒకతను గోనెసంచిలో వేసుకొచ్చాడు. వెనక కాళ్లు రెండూ ఈడుస్తోంది. వేలు గిల్లితే కాలు వెనక్కి లాక్కుంది. అక్కడున్నవాళ్లలో కొందరు "స్పర్శ ఉంది, ఫర్వాలేదు" అన్నారు. కొందరు ఒప్పుకోలేదు. ఎవరి మాట సరైనది, ఎందుకు? బర్రెలకు, ఎడ్లకు ఈ పరీక్ష ఎంతవరకు కుదురుతుందో కూడా చెప్పండి.

హనుమకొండ పెట్ క్లినిక్
సోమవారం, రాత్రి 10:05

ముందు కుక్క సంగతి. ఈ ఒక్క విషయంలో పొరబడితే ప్రాణం మీద తీసుకునే నిర్ణయమే మారిపోతుంది.

కాలు లాక్కోవడం వేరు, నొప్పి తెలియడం వేరు. వేలు గిల్లగానే ఆ కబురు నడుము దగ్గర వెన్నుపాములోకి వెళ్లి, అక్కడినుంచే తిరిగి కండరానికి చేరుతుంది. దానికి మెదడుతో పనే లేదు. వీపు నడిమధ్యలో వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్న కుక్క కూడా కాలు లాక్కుంటుంది. అందుకని గిల్లేటప్పుడు ముఖం చూడాలి. తల తిప్పాలి, అరవాలి, కరవబోవాలి, కనీసం కనుపాపలు పెద్దవవ్వాలి. అవేవీ లేకుండా కాలు ఎన్నిసార్లు లాక్కున్నా నొప్పి తెలిసినట్టు కాదు.

నేను చేసే పద్ధతి చెప్తాను. ఒకరిని కుక్క ముఖానికి ఎదురుగా కూర్చోబెట్టి, ముఖంలో ఏ మార్పు కనిపించినా వెంటనే చెప్పమంటాను. నేను ఎప్పుడు నొక్కుతున్నానో వాళ్లకు చెప్పను. ముందు వేళ్ల మధ్య చర్మాన్ని వేళ్లతో గిల్లుతాను. దానికే తిరిగి చూస్తే అక్కడితో ఆపేస్తాను, ఇంకా బాధపెట్టాల్సిన పని లేదు. స్పందన లేకపోతేనే ఆర్టరీ ఫోర్సెప్స్ అనే పట్టుకారుతో వేలి ఎముక మీద మెల్లగా ఒత్తిడి పెంచుతాను. రెండు కాళ్లకూ, తోకకూ విడివిడిగా చూడాలి. ఇదంతా పరీక్షలో చిట్టచివర. ఒకసారి నొప్పి పెట్టాక ఆ కుక్క మిగతా ఏ పరీక్షకూ సహకరించదు.

బండి గుద్దిన కుక్కను నిలబెట్టి, ఒక్కో కాలి మీద గెంతించి చూడకండి. వెన్నుపూస విరిగి ఉంటే మన పరీక్షే మిగిలిన వెన్నుపామును తెంపేస్తుంది. చెక్క మీద పడుకోబెట్టి, మెడ దగ్గర, నడుము దగ్గర గుడ్డతో కట్టి, పక్కకు పడుకున్న భంగిమలోనే కుదిరినంత చూసి ఎక్స్‌రేకు పంపాలి.

దెబ్బ ఎక్కడ ఉంది? ముందుకాళ్లు బాగుండి వెనకవి పడిపోతే వెన్నుపాములో టీ3 నుంచి వెనకే (టీ అంటే ఛాతీ భాగం, ఎల్ నడుము, ఎస్ తుంటి భాగం). అది టీ3–ఎల్3లోనా, ఎల్4–ఎస్3లోనా అన్నది రిఫ్లెక్సులు, అంటే తట్టినా గిల్లినా దానంతటదే వచ్చే కదలికలు, చెప్తాయి. మోకాలి చిప్ప కిందుండే పటెల్లార్ టెండన్ మీద హ్యామర్‌తో తడితే మోకాలు మామూలుగానో ఎక్కువగానో ఎగిరి, కండరాలు బిగువుగా ఉంటే టీ3–ఎల్3. మోకాలు కదలక, కండరం మెత్తబడి, గుదం వదులైతే ఎల్4 నుంచి వెనక. ఇందులో ఒక చిక్కుంది. తొడ వెనకగా దిగే సయాటిక్ నరం దెబ్బతింటే మోకాలిని అదుపు చేసే తొడ వెనక కండరాలు నీరసించి, పటెల్లార్ రిఫ్లెక్స్ లేనిపోని ఎక్కువగా కనిపిస్తుంది. అదే కాలు లాక్కోవడం బలహీనంగా ఉందా అని చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

తర్వాత వీపు చర్మం. తుంటి దగ్గర మొదలుపెట్టి, వెన్నెముకకు రెండు పక్కలా, ఒక్కో పూస దగ్గర ఫోర్సెప్స్‌తో చర్మం గిల్లుతూ ముందుకు రండి. ఈగ వాలినప్పుడు అదిరినట్టు చర్మం అదరడం ఎక్కడ మొదలవుతుందో అక్కడ మార్కర్‌తో గీత పెట్టండి. దెబ్బ ఆ గీతకు ఒకటి నుంచి నాలుగు పూసల ముందు ఉంటుంది. మర్నాడు ఆ గీత తల వైపు జరిగి, ముందురోజు ఉన్న రిఫ్లెక్సులు కూడా పోతుంటే వెన్నుపాము లోలోపల కుళ్లుతూ పైకి పాకుతోందని అర్థం. అది ఊపిరి కండరాల దాకా వెళ్తే కుక్క దక్కదు. యజమానికి ఆ మాట ఆ రోజే చెప్పాలి.

డిస్క్ జారిన కుక్కలో లోతు నొప్పి, అంటే వేలి ఎముక నొక్కితే వచ్చే నొప్పి, తెలియకపోయినా, త్వరగా ఆపరేషన్ చేస్తే దాదాపు సగం మళ్లీ నడుస్తాయి. బండి గుద్ది పూస విరిగి, నొప్పి తెలియకపోతే మాత్రం ఆశ చాలా తక్కువ. మీరు చూసిన కుక్కలో తేల్చుకోవాల్సింది ఇదే.

కాజీపేట లాబ్
సోమవారం, రాత్రి 10:31

నేను డాక్టర్ని కాదు, లాబ్రడార్‌ను పెంచుకుంటున్నాను. మాది ముసలి కుక్క. పొద్దున లేచేసరికి తల ఒక పక్కకు వాల్చి, అటే పడిపోతోంది. కళ్లు గబగబా పక్కకు కొట్టుకుంటున్నాయి. వాంతులు చేసుకుంది. అందరూ పక్షవాతం అంటున్నారు. ఇక బతకదేమోనని ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. రేపు క్లినిక్‌కు తీసుకెళ్లేలోగా మేం ఏం గమనించాలో చెప్పగలరా?

పాకాల పశువైద్యుడు
మంగళవారం, ఉదయం 6:10

పెద్ద పశువుల సంగతి నేను రాస్తాను. నర్సంపేట వైపు ఊళ్లలో చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను.

తమ్మీ, పశువును ముట్టుకోకముందే పరీక్ష మొదలవుతుంది. కొట్టం బయటే ఆగి చూడు. తల ఎలా పెట్టుకుంది, గోడకు అదుముతోందా, ఆకాశం చూస్తోందా, ఒకే పక్కకు తిరుగుతోందా, మనిషి వస్తే చెవులు తిప్పుతోందా. ఈలోగా అడగాల్సినవి అడిగేయి. ఎప్పుడు మొదలైంది, ఈనిందా, ఏం మేసింది, చెలకలో మందు కొట్టారా, ఇంకే పశువుకైనా ఇలా ఉందా. చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఈ మధ్య ఊళ్లో పిచ్చికుక్క తిరిగిందా?

రేబిస్ లేదని తేలేదాకా నరాల లక్షణం ఉన్న ప్రతి పశువునూ రేబిస్ పశువులాగే చూడాలి. బర్రె నోట్లోంచి జొల్లు కారుతూ, మింగలేకపోతుంటే రైతు మొదట అనేది "గొంతులో ఏదో ఇరికింది సారూ, చెయ్యి పెట్టి తీయండి" అని. అప్పటికే ఇంట్లో అందరూ తలా ఒకసారి చెయ్యి పెట్టి ఉంటారు. గొంతు బొంగురుపోయి పదేపదే అరవడం, ఊరికే ముక్కడం, తోక వాలిపోవడం, వెనక కాళ్లు తూలడం, అది రోజురోజుకూ ముందుకు పాకడం. వీటిలో రెండు కలిసినా చెయ్యి నోటి దగ్గరికి పోకూడదు, గొట్టంతో మందు పోయకూడదు. గ్లవ్స్ వేసుకునే దవడ ముట్టుకో. ఎవరెవరు జొల్లు ముట్టుకున్నారో, పచ్చిపాలు ఎవరు తాగారో పేర్లతో రాసుకుని ఆ రోజే దవాఖానకు పంపాలి. పుండ్లు, గీతలు ఉన్నచోట సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగించాలి. పశువు చనిపోతే మెదడు నమూనా పంపడం కూడా మన పనే.

ఆ అనుమానం లేదనుకుంటే, నడవగలిగే పశువును బండల మీద నడిపించకు. జారుడుకు తూలుతోందో, నరాల వల్ల తూలుతోందో తెలియదు. మట్టి నేల మీదికి తోలు. నేరుగా నడిపించు, చిన్న గుండ్రంలో తిప్పు, వెనక్కి నడిపించు. నడుస్తుండగా తోక పట్టుకుని పక్కకు లాగు. బలమున్న పశువు ఎదురు లాగుతుంది. బలహీనమైంది మన వైపు తూలి వస్తుంది. కుక్కను గెంతించినట్టు పెద్ద ఎద్దును గెంతించలేం కాబట్టి మనకు ఇదే ఆధారం. దూడలకు, మేకలకు మాత్రం గెంతించే పరీక్ష బాగానే కుదురుతుంది.

తర్వాత కళ్లు. చెయ్యి కంటి మీదికి తెచ్చేటప్పుడు గాలి తగలకూడదు, తగిలితే గుడ్డి పశువు కూడా రెప్ప కొడుతుంది. పుట్టిన కొద్దిరోజుల దాకా దూడ ఈ పరీక్షకు రెప్ప కొట్టదు. అది నేర్చుకునే స్పందన. కుక్కపిల్లల్లోనైతే పది పన్నెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత టార్చి వేసి కనుపాప ముడుచుకుంటోందా చూడు. ఈ రెండూ కలిపి చూస్తే ఎంత తెలుస్తుందో చెప్తాను. పెళ్లిలో మిగిలిన అన్నం కడుపునిండా తిన్న మేక రెండోనాడు గోడలకు గుద్దుకుంటోంది, తల వెనక్కి వాలుస్తోంది. చెయ్యి చూపిస్తే రెప్ప కొట్టదు, టార్చి వేస్తే కనుపాప చక్కగా ముడుచుకుంటుంది. అంటే కన్ను బాగుంది, కంటి నరం బాగుంది, చూసే మెదడు భాగం పనిచేయడం లేదు. థయమిన్ (విటమిన్ బి1) కొరత మీద అనుమానం పెట్టుకోవచ్చు. కిలోకు 10 మి.గ్రా. చొప్పున థయమిన్ త్వరగా ఇస్తే చూపు తిరిగి వస్తుంది. ఆలస్యమైతే రాదు.

జగిత్యాల డాక్టర్
మంగళవారం, ఉదయం 8:45

పైన ఇద్దరూ రాసింది నిజమే, కానీ నా మాట కూడా వినండి. ఒక్కడినే చాలా ఊళ్లు చూసుకుంటాను. పడిపోయిన బర్రె అంటే ముందు కాల్షియం పెట్టి చూస్తాను. లేస్తే పాలజ్వరం, లేవకపోతే అప్పుడు ఆలోచిస్తాను. మేక తల వెనక్కి వాలిస్తే థయమిన్ పెట్టేస్తాను. దానివల్ల చెడేదేమీ లేదు కదా. ఇంత పరీక్ష చేసినా నా దగ్గరున్న మందులు అవే. ఎమ్మారై లేదు, మెదడు నీరు తీసి పంపే వసతి లేదు. మరి ఈ పరీక్ష నా వైద్యాన్ని ఎక్కడ మారుస్తుంది? కొత్తగా వచ్చే పిల్లలకు ఇది కూడా చెప్పాలి కదా.

వర్ధన్నపేట పత్తిరైతు
మంగళవారం, ఉదయం 9:02

సార్లకు దండాలు. మా పక్క చెలక ఆయన ఎద్దు పత్తి మందు కలిపిన డ్రమ్ములో నీళ్లు తాగింది. ఒళ్లంతా కండలు అదురుతున్నాయి, జొల్లు ధారగా కారుతోంది, ఎగపోస్తోంది. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేశాం, బండి వస్తోంది. ఈలోగా ఏం చేయాలి? వచ్చే డాక్టరు సారుకు ఏం చెప్పాలి?

పాకాల పశువైద్యుడు
మంగళవారం, ఉదయం 9:08

పెద్దాయనా, ఇది ముందు. మందు డబ్బా పారేయకండి, లేబుల్ డాక్టరుకు చూపించాలి. ఎద్దును నీడకు తేండి, ఒంటి మీద మందు పడి ఉంటే సబ్బునీళ్లతో కడగండి, చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకోండి. నోట్లో నూనె, పాలు, మజ్జిగ ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక్క పని చేయండి, ఫోన్ టార్చితో కనుపాప చూసి, గీతలాగా బాగా సన్నబడిందో, వెడల్పుగా ఉందో గుర్తుపెట్టుకోండి. వీడియో తీస్తే ఇంకా మంచిది.

పాకాల పశువైద్యుడు
మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఇప్పుడు జగిత్యాల డాక్టరు గారికి. మీ ఇబ్బంది నాకూ తెలుసు, నాదీ అదే బతుకు. అయినా మీతో ఒప్పుకోలేను.

పొద్దున ఆ రైతును కనుపాప చూడమన్నది విరుగుడు మందు అట్రోపిన్ కోసమే. అట్రోపిన్ వేశాక కనుపాప వెడల్పవుతుంది. ఆ తర్వాత వచ్చే ఎవరికీ దాన్నిబట్టి ఏమీ తెలియదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందుల్లో కనుపాప సన్నబడుతుంది, గుండె నెమ్మదిస్తుంది, జొల్లు, విరేచనం, కండరాల అదురు ఉంటాయి. కిలోకు 0.2 నుంచి 0.5 మి.గ్రా. అట్రోపిన్, అందులో నాలుగో వంతు రక్తనాళంలోకి, మిగతాది చర్మం కిందికి. జొల్లు ఆగి, ఛాతీలో గురగుర తగ్గేదాకా చూడాలి. కనుపాప కోసం ఎదురుచూస్తూ పెంచుతూ పోతే కడుపు కదలడం ఆగి పొట్ట ఉబ్బుతుంది. అదే ఎద్దు జొల్లు లేకుండా ఫిట్స్‌తో కొట్టుకుంటుంటే వేరే రకం మందు అయి ఉండొచ్చు, దానికి అట్రోపిన్ పనిచేయదు, ఫిట్స్ ఆపాలి. చూడటానికి ఒక్క నిమిషం, తేడా ఎద్దు ప్రాణం.

కాల్షియం కూడా అంతే. పాలజ్వరం బర్రెకు మెడ ఎస్ ఆకారంలో వంగుతుంది, చెవులు చల్లబడతాయి, ముట్టె ఎండిపోతుంది, కనుపాప వెడల్పై వెలుతురుకు మెల్లగా ముడుచుకుంటుంది, పొట్ట కదలదు. ఇవన్నీ ఉంటే గుండె వింటూ మెల్లగా ఎక్కించండి, మీ ఎదుటే లేస్తుంది. చురుగ్గా చూస్తూ, మేత తింటూ, ముందుకాళ్లతో పాకే ప్రయత్నం చేసే బర్రెకు కాల్షియం తక్కువ కాలేదు. దానికి మళ్లీ మళ్లీ ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు.

మందు మారకపోయినా రైతుకు చెప్పే మాట మారుతుంది. అప్పు తెచ్చి వారం రోజులు వైద్యం చేయించాలా, వద్దా అన్నది వాళ్ల ఇంటికి చిన్న విషయం కాదు.

జగిత్యాల డాక్టర్
మంగళవారం, మధ్యాహ్నం 2:15

అట్రోపిన్ ముందు కళ్లు చూడాలన్నది ఒప్పుకుంటున్నాను. ఎద్దు ఎలా ఉంది?

వర్ధన్నపేట పత్తిరైతు
మంగళవారం, మధ్యాహ్నం 3:40

బండి వచ్చింది సారు. కనుపాప సన్నగా ఉందని చెప్పి వీడియో చూపించాం, డబ్బా చూపించాం. మందు వేశారు. జొల్లు తగ్గింది. ఇంకా లేవలేదు కానీ చెవులు ఆడిస్తోంది. సాయంత్రం మళ్లీ వస్తామన్నారు.

హనుమకొండ పెట్ క్లినిక్
మంగళవారం, సాయంత్రం 5:50

కాజీపేట లాబ్ గారూ, ఆలస్యానికి మన్నించండి. మీరు రాసినవన్నీ బ్యాలెన్స్ చూసే నాడీ వ్యవస్థ చెడినప్పుడు కనిపించేవి. ముసలి కుక్కల్లో ఇలా ఒక్క రాత్రిలో వచ్చి, రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టి, రెండు మూడు వారాల్లో బాగుపడటం మామూలే. ముందే ఆశ వదులుకోకండి, అన్నం తినండి.

ఇంట్లో మీరు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కళ్లు ఏ దిక్కుకు కొట్టుకుంటున్నాయి? పక్కలకైతే చెవి లోపలి సమస్య కావచ్చు, కిందికీ పైకీ అయితే మెదడు మీద అనుమానం పెరుగుతుంది. తల పట్టుకుని మెల్లగా వెల్లకిలా తిప్పినప్పుడు కళ్లు కొట్టుకునే దిక్కు మారినా అంతే. పేరు పెట్టి పిలిస్తే చూస్తోందా? మెదడులో దెబ్బ ఉన్న కుక్క మబ్బుగా ఉంటుంది. ఇక ముఖ్యమైనది: పొట్ట కింద చెయ్యి పెట్టి బరువు మీరు మోస్తూ, ఒక్కో పంజాను వెనక్కి మడిచి పైభాగం నేలకు ఆనేలా పెట్టండి. వెంటనే సరిచేసుకుంటే మంచి గుర్తు. అలాగే మడిచి నిలబడితే డాక్టరుకు తప్పక చెప్పండి. ఇది గ్రానైట్ నేల మీద చేయకండి, చాప వేయండి.

చెవిలో చీము, వాసన ఉందేమో చూడండి. మందులేవీ మీ అంతట మీరు పోయకండి, కర్ణభేరి పగిలి ఉంటే కొన్ని చుక్కల మందులు లోపలి చెవిని ఇంకా పాడుచేస్తాయి. ఈమధ్య విరేచనాలకు మెట్రోనిడజోల్ ఎక్కువ రోజులు వాడి ఉంటే అది కూడా చెప్పండి. మోతాదు మించితే ఇవే లక్షణాలు వస్తాయి, మందు ఆపితే తగ్గుతాయి.

ఇంకో మాట, పెంచుకునేవాళ్లందరికీ. ఫిట్స్ వచ్చినా, తూలినా ముందు ఫోన్‌లో వీడియో తీయండి. క్లినిక్‌కు వచ్చేసరికి చాలా కుక్కలు మామూలుగా ఉంటాయి. టీకాలు పడని కుక్కపిల్లల్లో ఒకే కాలు, లేదా దవడ లయగా అదురుతూ నిద్రలో కూడా ఆగకపోతే అది డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు గుర్తు. వీడియో లేకుండా ఆ తేడాను మాటల్లో చెప్పడం యజమానులకు చాలా కష్టం.

పరకాల గోపాలమిత్ర
మంగళవారం, రాత్రి 8:12

డాక్టర్ సార్లకు నమస్తే. మా దగ్గర మొదటిసారి ఈనిన ఆవు, దూడ పెద్దది, గట్టిగా లాగి తీశారు. తల్లి చురుగ్గానే ఉంది, మేస్తోంది. లేపితే వెనక కాళ్లు రెండు పక్కలకూ జారి చాచుకుపోతున్నాయి. నడుము విరిగిందని కబేళాకు అమ్ముతామంటున్నారు. పోయినేడు ఇంకో ఊళ్లో ఒక దూడకు తొడలో సూది వేసినప్పటి నుంచి కాలు ముందుకు మడిచి నడుస్తోంది. రెండూ ఒకే జబ్బా సార్?

జగిత్యాల డాక్టర్
మంగళవారం, రాత్రి 9:00

దీనికి నేను చెప్తాను, ఈనినంక పడిపోయిన ఆవులు నాకు రోజూ ఉంటాయి.

మీ ఆవుకు నడుము విరిగినట్టు లేదు. తోక పట్టుకుని బిగువు ఉందేమో చూడండి, గుదం దగ్గర చెయ్యి తగిలిస్తే ముడుచుకోవాలి. అవి బాగుంటే, డెక్క పైన గిల్లితే తల తిప్పితే, దూడను లాగేటప్పుడు కటి ఎముక లోపలి నుంచి పోయే ఆబ్టురేటర్ నరం, దాంతోపాటు సయాటిక్ వేళ్లు నలిగినట్టు. తొడలను దగ్గరికి తెచ్చే కండరాలు పనిచేయవు, అందుకే కాళ్లు చాచుకుపోతాయి. బండల మీద లేపితే ఈసారి నిజంగానే తుంటి జారుతుంది, కండరాలు చిరుగుతాయి. ఇసుకో మెత్తటి మట్టో పరిచి, వెనక కాళ్లు రెంటినీ ఫెట్‌లాక్ (డెక్క పైనుండే కీలు) పైన మెత్తటి గుడ్డ చుట్టి ఒక అడుగు ఎడంతో కట్టండి. కొన్ని గంటలకోసారి పక్క మార్చండి, ఒకే పక్కన ఉంచితే కింది కాలు కండరం బరువుకే చచ్చిపోతుంది. అమ్మమని మాత్రం ఇప్పుడే చెప్పకండి.

దూడది వేరే. తొడ వెనక వేసిన సూది సయాటిక్ నరాన్ని తాకింది. పాదం పైభాగం నేలకు రాసుకుంటూ నడుస్తుంది, అక్కడ గిల్లితే తెలియదు. దూడలకు, మేకలకు కండ తక్కువ. సూది మెడలో వేయాలి. ఈ మాట మీ తోటి గోపాలమిత్రలందరికీ చెప్పండి.

మానేరు గొర్ల మంద
బుధవారం, ఉదయం 7:25

మాది హుజూరాబాద్ దగ్గర. మందలో ఒక గొర్రె నెలరోజులుగా కుడి పక్కకే గుండ్రంగా తిరుగుతోంది. మేత వదిలేసి నిలబడిపోతుంది. ఎడమ పక్క నుంచి కర్ర చూపిస్తే బెదరదు, కుడి పక్క నుంచి బెదురుతుంది. జ్వరం లేదు. మిగతావి బాగున్నాయి. ఏం చేయాలి అన్నా?

మామునూరు ఇంటర్న్
బుధవారం, ఉదయం 7:50

సర్, మేడమ్, పైన మీరు చెప్పినవన్నీ పెట్టుకుని నేను ఆలోచించింది రాస్తాను, సరిచేయండి.

ఎడమ కన్ను కనిపించడం లేదు. ఒక కంటి చూపు ఎక్కువగా ఎదుటి పక్క మెదడుకు వెళ్తుంది కాబట్టి దెబ్బ కుడి పక్క పెద్ద మెదడులో ఉండాలి. ముందుమెదడులో దెబ్బ ఉంటే దెబ్బ ఉన్న పక్కకే తిరుగుతాయి, ఇది కుడికే తిరుగుతోంది, సరిపోయింది. ఎడమ కంట్లో టార్చి వేస్తే కనుపాప ముడుచుకోవాలి. ఎడమ పక్క కాళ్లు గెంతించే పరీక్షలో ఆలస్యంగా కదలాలి. మెదడుకు సోకే లిస్టీరియా బాక్టీరియా అయితే జ్వరం, ఒక పక్క చెవి, పెదవి వాలిపోవడం ఉండి కొద్దిరోజుల్లోనే పడిపోయేది. నెలరోజులుగా మెల్లగా పెరుగుతోంది, ఒక్కదానికే ఉంది కాబట్టి మెదడులో నీటితిత్తి, అంటే కుక్కల బద్దెపురుగు నుంచి వచ్చే సీనూరస్ అనుకుంటున్నాను.

పాకాల పశువైద్యుడు
బుధవారం, ఉదయం 8:20

చాలా బాగా పట్టుకున్నావు తమ్మీ. జబ్బు పేరు కన్నా ముందు చోటు వెతికావు, అది మానకు.

మానేరు అన్నా, బొటనవేలితో గొర్రె పుర్రెను కుడి పక్క, కొమ్ము మొదలు వెనక, గట్టిగా నొక్కి చూడండి. తిత్తి పైకి ఉంటే నెలలు గడిచేసరికి అక్కడి ఎముక పలచబడి మెత్తగా తగులుతుంది. అలా తగిలితే ఆపరేషన్‌తో తిత్తి తీసేయొచ్చు, చాలా గొర్రెలు బాగుపడతాయి. మామునూరు కాలేజీ దవాఖానకు తీసుకెళ్లి చూపించండి.

ఇక మంద మాట. కోసిన గొర్రె తలను కాపలా కుక్కలకు వేస్తున్నారా? పచ్చి మెదడు తిన్న కుక్క కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ పురుగు గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడి మళ్లీ గొర్రెలకే వస్తాయి. తలలు కాల్చేయండి, లేదా లోతుగా పూడ్చండి. గొర్రెలకు నట్టల మందు తాపే రోజే కుక్కలకు కూడా బద్దెపురుగు మందు ప్రజిక్వాంటెల్ వేయండి. ఒక్క గొర్రెకు వచ్చిందంటే ఆ మేత మీద తిరిగిన మిగతా వాటి మీదా కన్నేసి ఉంచాలి.

మానేరు గొర్ల మంద
బుధవారం, ఉదయం 9:05

తలలు కుక్కలకే వేస్తాం అన్నా, ఎప్పటి నుంచో అలవాటు. ఇవాల్టి నుంచి బంద్. ఎముక కొంచెం మెత్తగానే తగులుతోంది. రేపు మామునూరు తీసుకెళ్తాం.

మామునూరు ఇంటర్న్
బుధవారం, రాత్రి 9:15

రేపు ఎదురుచూస్తుంటాను అన్నా, నేను అక్కడే ఉంటాను.

సర్, ఒక చివరి ప్రశ్న. మా బ్యాచ్‌లో కొందరు రేబిస్ ముందస్తు టీకా ఇంకా వేసుకోలేదు. కరిచాక వేసుకుంటే సరిపోదా అంటున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి?

హనుమకొండ పెట్ క్లినిక్
బుధవారం, రాత్రి 9:40

కాటు కంటికి కనిపిస్తుంది. గోటి పక్క చీలికలో పడిన జొల్లు కనిపించదు, మీరు టీకాకు వెళ్లరు, ప్రమాదం అక్కడే. ముందస్తు టీకా 0, 7వ రోజు, ఆ తర్వాత 21 లేదా 28వ రోజు. అది వేసుకున్నవాళ్లకు తర్వాత కాటు పడితే 0, 3వ రోజున రెండు డోసులు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల మందు) అక్కర్లేదు. వేసుకోనివాళ్లకు అది కూడా గాయంలోకి ఎక్కించాలి, అన్ని ఊళ్లలో వెంటనే దొరకదు. టీకా పూర్తయ్యేదాకా వాళ్లను జొల్లు కార్చే పశువు దవడ ముట్టుకోనివ్వకండి. కార్డు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోమనండి, రాత్రిపూట దవాఖానలో అడిగేది అదే.

పాకాల పశువైద్యుడు
బుధవారం, రాత్రి 9:52

పశువులను పట్టుకునే సహాయకులను కూడా టీకాకు తీసుకెళ్లండి. తల దగ్గర నిలబడేది వాళ్లే.